మంచు గీయకుండా మంచు: డచ్చి స్కెచ్‌ని నెమ్మదిగా చూడడం ఎలా

ముందుగా మీ ఫోన్‌ని అడ్డంగా తిప్పి బల్ల మీద పెట్టండి. పొడవు 16 సెంటీమీటర్లు, ఎత్తు 7, కాస్త అటూ ఇటూగా. 1648-50 ప్రాంతంలో డచ్చి (నెదర్లాండ్స్) చిత్రకారుడు రెంబ్రాంట్ వాన్ రైన్ ఇంచుమించు అంతే ఉన్న కాగితం మీద ఒక చలికాలపు పల్లెను గీశాడు. అది ఇప్పుడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. 'వింటర్ ల్యాండ్‌స్కేప్' అని వెతికితే వాళ్ళ సైట్‌లోనే దొరుకుతుంది.

తెరిచి చూస్తే ఏముంటుంది? కొన్ని ఇళ్ళు, చెట్లు, ఒక కంచె. మిగిలిందంతా ఖాళీ కాగితం. చాలామంది "ఇంతేనా" అనుకుని వేలితో పక్కకు జరిపేస్తారు. జరపకండి. కాసేపు అలాగే చూస్తూ ఉంటే ఆ ఖాళీ మెల్లగా మంచుగా మారుతుంది. ఆయన మంచును ఒక్క గీతతో కూడా గీయలేదు, అయినా చలి మన వేళ్ళదాకా వస్తుంది. అది ఎలా జరిగిందో కనిపెట్టడానికి ఒక వరుస ఉంది. నేను అలవాటు చేసుకున్న వరుస ఇది. ఏ డచ్చి స్కెచ్‌కైనా పనికొస్తుంది, కానీ మొదటిసారి ఈ చిన్న బొమ్మతోనే మొదలుపెట్టండి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక అరగంట, ఒక పెన్సిలు, చించిన తెల్లకాగితం ముక్కలు రెండు. ఫోన్‌లో రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయం ఉంటే ఆపేయండి, లేకపోతే సిరా రంగు, కాగితం రంగు రెండూ మారిపోతాయి. బొమ్మ కింద మ్యూజియం వాళ్ళు రాసిన వివరం ఇప్పుడే చదవకండి. దాన్ని చివరికి ఉంచుకోండి.

మొదట అసలు కొలతలో చూడండి

జూమ్ చేయాలని వేళ్ళు ఉబలాటపడతాయి. నేనూ మొదట్లో అలాగే చూసేవాణ్ణి. ఒక్కో గీత తాడంత అయ్యేదాకా పెంచి చూసేసరికి గీతలు బాగా తెలిసేవి, బొమ్మ మాత్రం చేజారిపోయేది. స్కెచ్ అనేది చేతిలో పట్టుకుని చూడడానికి పుట్టిన వస్తువు. గోడకు వేలాడే తైలవర్ణ చిత్రం వేరు, ఇది వేరు. గీసినవాడి మణికట్టు ఎంత కదిలిందో, కంటికీ కాగితానికీ దూరం ఎంతో ఆ కొలతను బట్టే తెలుస్తుంది. 7 సెంటీమీటర్ల ఎత్తులో ఒక ఊరు, ఒక ఆకాశం పట్టించాలంటే చేయి ఎంత తక్కువ కదలాలో ఆలోచించండి.

కాబట్టి మొదటి అయిదు నిమిషాలూ బొమ్మను తెర నిండుగా, అడ్డంగా పెట్టి, మామూలుగా పుస్తకం చదివే దూరంలో ఉంచి చూడండి. ఏమీ విశ్లేషించవద్దు. ఒక్క ప్రశ్న మాత్రం వేసుకోండి: ఇక్కడ చప్పుడు ఉందా? ఉంటే ఏ చప్పుడు? మీకు తోచిన జవాబు ఒక ముక్కలో రాసి పక్కన పెట్టుకోండి. తరవాత దానితో పని ఉంది.

నేలా ఆకాశం కలిసే గీత పట్టుకోండి

ఇప్పుడు దిగంతం ఎక్కడుందో వెతకండి. తెల్లకాగితం ముక్క అంచును ఆ గీతకు ఆనించి పెడితే తేలికగా తెలుస్తుంది. దాని పైన ఎంత, కింద ఎంత?

దిగంతం ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చిత్రకారుడు ఎక్కడ కూర్చున్నాడో మనం చెప్పేయొచ్చు. సమతలమైన నేల మీద మనుషులు ఉన్న స్కెచ్ ఏదైనా తీసుకుని ఆ గీత వాళ్ళ ఒంటిని ఎక్కడ దాటుతుందో చూడండి. నిలబడ్డవాళ్ళ తలల వరసలో పోతుంటే గీసినవాడు వాళ్ళతోబాటు అదే నేల మీద నిలబడి ఉన్నాడు. నడుము దగ్గర తగిలితే గడ్డిలో కూర్చుని గీశాడు. వాళ్ళ తలలకు బాగా పైన ఉంటే గట్టెక్కి గీశాడు. మనుషులు లేని బొమ్మల్లో గుమ్మాన్నో కంచెనో కొలబద్ద చేసుకోవచ్చు.

గట్టు అన్నది ఊరికే వాడిన మాట కాదు. నెదర్లాండ్స్ నేలలో దాదాపు నాలుగో వంతు సముద్ర మట్టానికి కిందే ఉంటుంది. సరస్సుల చుట్టూ గట్లు పోసి, గాలిమరలతో నీళ్ళు తోడిపోసి సంపాదించుకున్న నేల అది. బేమ్‌స్టర్ అనే పెద్ద సరస్సును అలా ఎండగట్టి 1612 నాటికి పొలాలు చేసుకున్నారు. ఆ దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ దాటి నడకకు బయల్దేరినవాడికి కొండలు లేవు, లోయలు లేవు. కాలవ, గట్టు, దూరంగా ఒక చర్చి గోపురం, మిగతాదంతా ఆకాశం. మన కోనసీమలో కాలవగట్టు మీద సాయంత్రం నడిచినవాళ్ళకు ఆ చదును ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

అంతకు ముందు ఐరోపాలో ప్రకృతి చిత్రం అంటే ఊహలో కట్టిన కొండలు, రాళ్ళు, వాటి మధ్య ఏదో పురాణ కథ. కళ్ళముందున్న ఈ చదును నేలను ఉన్నదున్నట్టు గీయొచ్చన్న ధైర్యం నెమ్మదిగా వచ్చింది. హెండ్రిక్ గోల్ట్‌జియస్ అనే డచ్చి చిత్రకారుడు 1603లో హార్లెం ఊరి పక్కన ఇసుకదిబ్బల మీంచి చూసిన దృశ్యాన్ని కలంతో గీశాడు. అందులో కథ లేదు, వీరుడు లేడు. ఆ బొమ్మ రోటర్‌డామ్‌లోని బోయిమన్స్ వాన్ బ్యూనింగెన్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లీషువాళ్ళు వాడే ల్యాండ్‌స్కేప్ అన్న మాటే డచ్చి భాష నుంచి తెచ్చుకున్నది.

ఇక మీ కాగితం ముక్క దగ్గరకు రండి. దిగంతం కిందికి దిగినకొద్దీ ఆకాశం బరువు పెరుగుతుంది, మనిషి చిన్నవాడవుతాడు. పైకి పోయినకొద్దీ నేల విప్పి పరిచినట్టుంటుంది, చూపు దూరం పోతుంది. దిగులుగానో హాయిగానో అనిపించడానికి తొలి కారణం తరచూ ఇక్కడే ఉంటుంది.

కళ్ళు సగం మూసి ముదురు మచ్చ వెతకండి

కళ్ళు చికిలించి చూడండి. చిన్న గీతలన్నీ కరిగిపోయి ఒకటో రెండో ముదురు మచ్చలు మిగులుతాయి. చూపు మొదట వాలవలసిన చోటు ఆ మచ్చే. అక్కణ్ణించి చూపు ఎటు జారుతుందో గమనించండి. మంచి స్కెచ్‌లో దానికి ఒక దారి ఉంటుంది: కంచె వెంబడో, కాలవ ఒడ్డు వెంబడో పోయి, సన్నటి గీతల దగ్గర దూరంలో తప్పిపోతుంది.

దగ్గరవి ముదురుగా, మందంగా. దూరానివి లేతగా, తెగిపోతూ. డచ్చి గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది కనుక దూరం నిజంగానే అలా మసకేస్తుంది. చిత్రకారుడు చేసిందల్లా కలం మీద ఒత్తిడి తగ్గించడమే.

కలం ఏదో గుర్తుపట్టండి

జూమ్ చేయాల్సింది ఇప్పుడు. అసలు ఆనందం ఇక్కడుంది కాబట్టి తొందరపడకండి.

17వ శతాబ్దపు డచ్చి స్కెచ్‌లలో ముఖ్యంగా మూడు పనిముట్లు కనిపిస్తాయి. ఒకటి పక్షి ఈకను చెక్కి చేసిన కలం. ఈక మెత్తగా వంగుతుంది. అందుకే దాని గీత పొడుగ్గా సాగుతుంది, మలుపు దగ్గర సన్నబడి ఒత్తిడి పడ్డచోట లావెక్కుతుంది. తీగ పాకినట్టుంటుంది. రెండోది రెల్లు కలం. మన కొల్లేరులో కిక్కిస అంటారే, ఆ జాతి పుల్లను కోసి చేసింది. ఇది వంగదు. సిరా ఎక్కువ పట్టదు, రెండు మూడు గీతలకే ఎండిపోతుంది. కనుక గీత పొట్టిగా, మొద్దుగా ఉంటుంది, మొదట చిక్కగా దిగి చివర్లో కాగితపు గరుకు బయటపడేలా చీలిపోతుంది. మూడోది నల్ల సుద్ద. దానికి అంచు ఉండదు, పొడిపొడిగా కాగితానికి అంటుకుంటుంది.

రెంబ్రాంట్ ఈకనూ రెల్లునూ కూడా వాడాడు. పై చలికాలపు బొమ్మలో రెల్లు కలం మొండితనమే బొమ్మకు ప్రాణం. కంచె గీతలు చూడండి. కొయ్య మీద కొయ్యతో గీసినట్టుంటాయి. గీత చివర సిరా ఎండి గరుకుగా తెగినచోట గడ్డకట్టిన కట్టె, దాని మీది చలి రెండూ వచ్చేశాయి. అదే కంచెను ఈకతో సాఫీగా గీసి ఉంటే వేసవి తోట అయిపోయేదని నా నమ్మకం. కలం ఎండిపోవడం లోపం. ఆ లోపాన్ని ఏ చోట వాడుకోవాలో తెలియడం ఆయన గొప్పతనం.

గీతల తరవాత పూత చూడండి. సిరాలో నీళ్ళు కలిపి కుంచెతో పలచగా రాసేదాన్ని మన చిత్రకారులు కూడా వాష్ అనే అంటారు. ఇంటి గోడ నీడవైపునో చూరు కిందనో అది ఉంటుంది. వాష్ అంచు గట్టిగా, గీత గీసినట్టు ఉంటే కాగితం ఆరాక వేశాడు. అంచు తెలియకుండా కరిగిపోతే తడిగా ఉన్నప్పుడే వేశాడు, లేదా వేలితో తుడిచాడు. కలం గీత వాష్‌లో కరిగి పాకిందా, చెక్కు చెదరకుండా నిలిచిందా? పాకితే వాష్ వేసే సమయానికి గీత ఇంకా తడి ఆరలేదు. ఇలా ఏది ముందో ఏది వెనకో కనిపెడుతుంటే చేయి కదిలిన వరస మన కళ్ళముందే మళ్ళీ జరుగుతుంది.

సిరా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఐరోపాలో అప్పట్లో బాగా వాడుకలో ఉన్న సిరాకు కావలసినవి ఓక్ చెట్టుకు పురుగు కుట్టడం వల్ల ఏర్పడే కాయలు, ఇనుప లవణం, జిగురు. మన మూలికల దుకాణం భాషలో చెప్పాలంటే మాచికాయ, అన్నభేది, తుమ్మబంక. కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు చేసేది కూడా ఈ పనే. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు వేసి పులియబెట్టిన ద్రవంలో వెదురు కలాన్ని ముంచి గీస్తారు. కలం తగలగానే గీత నల్లగా తేలుతుంది. అదే వగరు, అదే ఇనుము. రెంబ్రాంట్ కాలానికే డచ్చి వర్తకులు బందరులో కోఠీ పెట్టి మన తీరపు అద్దకం బట్టలు ఓడల్లో తీసుకుపోతున్నారు. హాలండు వాళ్ళను మనవాళ్ళు వలందావాళ్ళు అనేవారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది.

ఈ సిరాతో ఒక చిక్కు ఉంది. కాలం గడిచేకొద్దీ నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది, చిక్కగా పడ్డచోట కాగితాన్ని తినేస్తుంది కూడా. పొయ్యి మసితో చేసే గోధుమరంగు సిరా కూడా అప్పట్లో ఉండేది. కాబట్టి ఏ పాత స్కెచ్‌నైనా చూసి "ఆహా, ఈ గోధుమవన్నె ఎంత ఆర్తిగా ఉంది" అనుకునే ముందు ఒక్కసారి ఆగండి. ఆ వెచ్చదనంలో కొంత కాలం పూసినది కావచ్చు. మనసులోనే గీతలను ఒక మెట్టు ముదురు చేసుకుని మళ్ళీ చూడండి. ఒక్కోసారి బొమ్మ స్వభావమే మారిపోతుంది, మెత్తగా కనిపించినది కరుకుగా కనిపిస్తుంది.

ఖాళీని చదవండి

పెన్సిలు తీసుకుని ఒక కాగితం మీద బొమ్మ చట్రం గీయండి. అందులో గీతలు గానీ వాష్ గానీ ఉన్న చోట్లను మాత్రం గజిబిజిగా నింపేయండి. ఇల్లు ఇల్లులా రానక్కర్లేదు. ఏమీ గీయని చోట్లు తెల్లగా మిగులుతాయి కదా, ఇప్పుడు ఆ తెల్ల ముక్కలను ఒక్కొక్కటిగా చూసి పేరు పెట్టండి. పైది ఆకాశం. కంచె ముందుది మంచు. కప్పు మీది తెలుపు కూడా మంచే. ఇళ్ళ వెనక తెలుపు మాత్రం గాలి, లేదా దూరం.

ఒకే కాగితం, ఒకే తెలుపు, కానీ మూడు నాలుగు వేరువేరు పదార్థాలుగా మన కన్ను ఒప్పుకుంటోంది. ఎందుకు? పక్కన ఉన్న గీత ఏ రకందో దాన్నిబట్టి. కంచె మొదలు దగ్గర మొద్దు గీత టక్కున ఆగింది కనుక దాని కిందిది గట్టి నేల, మంచు కప్పిన నేల. దూరపు గీత సన్నబడి గాలిలోకి కరిగింది కనుక దాని చుట్టూ ఉన్నది ఆవిరి. గీత ఎలా ముగిసిందో దాని తరవాతి ఖాళీకి ఆ గుణం అంటుకుంటుంది. ఈ స్కెచ్‌లలో నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించేది దీన్నే. గీతల మొదళ్ళను అందరూ చూస్తారు. మీరు కొసలు చూడండి.

దీన్ని పరీక్షించడానికి ఒక పని చేయండి. బొమ్మలో ఖాళీగా ఉన్న ముందుభాగాన్ని కాగితం ముక్కతో మూసేయండి. ఇళ్ళు ఒక్కసారిగా దగ్గరికొచ్చేస్తాయి, చలి పోతుంది. కాగితం తీయండి, ఇళ్ళు మళ్ళీ దూరం జరుగుతాయి. ఆ దూరం నడవాలంటే మంచులో నడవాలన్న బరువు తిరిగొస్తుంది. అంటే ఏమీ లేదనుకున్న ఆ భాగమే బొమ్మలో ఎక్కువ పని చేస్తోంది.

గాలి, వేళ, ఋతువు అడగండి

ఇది త్వరగా అయిపోతుంది. నీడ ఏ వైపు గోడ మీద పడింది? పొగ ఉంటే ఎటు పోతోంది? చెట్టు కొమ్మలు ఒకే వైపు ఒరిగాయా? గాలిమర రెక్కలు, తెరచాపలు ఏం చెబుతున్నాయి? మనుషులు ఒళ్ళు ముడుచుకుని ఉన్నారా, రెయిలింగుకు ఆనుకుని తీరిగ్గా ఉన్నారా?

ఒక హెచ్చరిక మాత్రం. ఈ మెట్టు దగ్గరే చాలామంది చిత్రకారుడి జీవితంలోకి దూకేస్తారు. రెంబ్రాంట్ భార్య సాస్కియా 1642లో చనిపోయింది, ఆయన దుఃఖంతో ఊరి బయటికి పోయి ఈ బొమ్మలు గీశాడు అని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆయన 1641లోనే, ఆమె బతికుండగానే, గాలిమరను రాగిరేకు మీద గీసి ఆ సంవత్సరం వేసి ముద్రించాడు. పల్లె మీద మోజు అప్పటికే ఉంది. 1656లో అప్పులపాలై ఆస్తి జాబితా రాయించాల్సి వచ్చినప్పుడు, అందులో ఆయన స్వయంగా చూసి గీసిన ప్రకృతి దృశ్యాల సంపుటాలు కూడా ఉన్నాయి. అంటే ఈ కాగితాలను ఇంట్లోనే, తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంతవరకు నమ్మకంగా చెప్పొచ్చు. దిగులు బొమ్మలో ఉంటే దాన్ని బొమ్మలోనే చూపించగలగాలి: ఇదిగో ఈ గీత వల్ల, ఇదిగో ఈ ఖాళీ వల్ల అని.

ఇప్పుడు మొదట రాసుకున్న చీటీ తీయండి. చప్పుడు ఉందా అన్నదానికి మీరు రాసింది ఏమిటి? నిశ్శబ్దం అని రాసి ఉంటే ఆ నిశ్శబ్దం బొమ్మలో ఏ చోటు నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించండి. చూపించగలిగితే సగం పని అయినట్టే. చూపించలేకపోతే ఖాళీల మెట్టుకు వెనక్కి వెళ్ళండి.

పక్కన మరో మూడు పెట్టి చూడండి

ఒక్క బొమ్మతో వచ్చిన అభిప్రాయం ఎంత గట్టిదో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన సంగ్రహంలో చాలావాటిని పెద్ద సైజులో ఉచితంగా దించుకోనిస్తుంది. ఈ మూడు రకాలూ అక్కడ చూడొచ్చు.

మొదటిది రెంబ్రాంట్ 1645లో చేసిన 'సిక్స్ వంతెన'. ఇది కాగితం మీది స్కెచ్ కాదు. మైనం లాంటి పూత రాసిన రాగిరేకు మీద సూదితో గీసి, ఆమ్లంతో కొరికించి, సిరా పట్టించి అచ్చు తీసింది. కానీ సూది నడక అచ్చం స్కెచ్ నడకే. కొయ్య వంతెన, రెయిలింగు దగ్గర ఇద్దరు మనుషులు, సన్నటి చెట్లు, వెనక చదును నేల. తన స్నేహితుడు యాన్ సిక్స్ పల్లెటింట్లో భోజనానికి కూర్చుంటే ఆవపిండి ముద్ద లేదని తేలిందట, నౌకరు పక్క ఊరికి పోయి తెచ్చేలోగా గీసి చూపిస్తానని పందెం కట్టాడట. 18వ శతాబ్దంలో పుట్టిన కథ ఇది, నిజమని ఎవరూ పూచీ పడరు. కానీ గీతల్లో ఉన్న వేగమే ఆ కథను పుట్టించిందని బొమ్మ చూస్తే అర్థమవుతుంది. ఇక్కడా ఖాళీ ఎక్కువే, అయితే ఈ ఖాళీ చలి కాదు, వెలుతురు. ఎందుకు వెలుతురో మీరే కనిపెట్టండి. గీతలన్నీ సన్నగా, సమానంగా, తెరిపిగా ఉన్నాయి. ముదురు మచ్చ ఎక్కడా కూర్చోలేదు.

రెండోది 1643 నాటి 'మూడు చెట్లు'. అదే మనిషి, అదే నేల, పూర్తిగా ఎదురు పద్ధతి. కుడివైపు గట్టు మీద మూడు చెట్లు వెలుతురుకు అడ్డంగా నిలబడి ఉంటాయి. ఎడమ మూల నుంచి వాన ఏటవాలు గీతలుగా కొడుతుంది, మబ్బులు సుడి తిరుగుతాయి, దూరంగా ఊరు. ఆకాశం ఖాళీగా వదలకుండా నింపేశాడు. దీన్ని మాత్రం తప్పకుండా జూమ్ చేసి వెతకండి. నీళ్ళ ఒడ్డున గాలం వేసి కూర్చున్న మనిషి, గట్టు మీద బొమ్మ గీసుకుంటున్న ఒక చిన్న ఆకారం, కింద కుడివైపు పొదల చీకట్లో దాక్కున్న ఒక జంట. తుఫాను వస్తూందో పోతూందో తేల్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. నాకు పోతున్నట్టే అనిపిస్తుంది, చెట్ల వెనక వెలుతురు చూస్తే.

మూడోది యాన్ వాన్ గోయెన్. 1596లో లైడెన్‌లో పుట్టాడు, ఆ ఊళ్ళోనే రెంబ్రాంట్ పదేళ్ళ తరవాత పుట్టాడు. ఈయనది నల్ల సుద్ద. స్కెచ్ పుస్తకం పట్టుకుని ఊళ్ళ వెంట తిరిగి పడవలు, గుడిసెలు, సంతలు వందల కొద్దీ గీశాడు. చాలా కాగితాల మీద తన పేరులోని వీ, జీ అక్షరాలు కలిపి రాసి సంవత్సరం వేశాడు, 1653 అన్నది తరచూ కనిపిస్తుంది. ఆకులను విడివిడిగా గీయడు. సుద్దను కాగితం మీంచి ఎత్తకుండా వంకరటింకరగా తిప్పుతూ పోతాడు, అదే ఆకుల గుంపైపోతుంది. పైన కొద్దిగా బూడిదరంగు వాష్. రెంబ్రాంట్ గీతకు కొస ఉంటుందన్నాను కదా, వాన్ గోయెన్ గీతకు దాదాపు ఉండదు, పొడిగా రాలిపోతుంది. ఆ కారణంగా ఆయన బొమ్మల్లో గాలి ఎప్పుడూ తడితడిగా, కదులుతూ ఉంటుంది. నింపాదిగా ఉండే మామూలు రోజు కావాలనిపించినప్పుడు నేను ఈయన దగ్గరికే వెళ్తాను.

మీ చేత్తో ఒకసారి గీయండి

నాకు బొమ్మలు రావు అనకండి. ఇది బొమ్మ గీయడానికి కాదు, చూడడానికే. చేయి పెట్టాక కంటికి దొరికేది వేరు.

డ్రాయింగ్ షీటును 16 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా కత్తిరించండి. నున్నటి కాగితం వద్దు, కాస్త గరుకుగా ఉండాలి. కిక్కిస పుల్ల దొరికితే అదృష్టం, లేకపోతే సన్న వెదురు పుల్ల. కొసను బ్లేడుతో ఏటవాలుగా కోసి, మొనను తగ్గించి, మధ్యలో చిన్న చీలిక పెట్టండి. కోసేటప్పుడు బ్లేడు వేళ్ళకు దూరంగా పోయేలా చూసుకోండి. మామూలు పెన్ను సిరా చాలు. వాష్‌కు బాగా మరిగించిన టీ డికాక్షన్ చల్లార్చి వాడితే రంగు దగ్గరగా వస్తుంది.

ఒక చిత్తుకాగితం మీద కలాన్ని ముంచి, ఎండిపోయేదాకా గీతలు గీస్తూ పోండి. ఎన్నో గీత దగ్గర గరుకు మొదలవుతుందో లెక్కపెట్టండి. ఆ లెక్క మీ కలానిది. ఇక చలికాలపు బొమ్మను ఎదురుగా పెట్టుకుని పది నిమిషాల్లో ఎత్తి రాయండి. దగ్గరి కంచెను తడి కలంతో మొదలుపెట్టి, గీత కొస గరుకుగా తెగనివ్వండి. దూరం వచ్చేసరికి కలం దాదాపు ఎండిపోయి ఉండాలి. చెరపడం లేదు, మళ్ళీ దిద్దడం లేదు. మంచును గీయకూడదు.

ఏడెనిమిది నిమిషాలు గడిచాక చేయి దురదపెడుతుంది. ఆ ముందు ఖాళీలో నాలుగు గడ్డిపోచలు వేద్దామనిపిస్తుంది, ఆకాశంలో ఒక పక్షి పెడదామనిపిస్తుంది. అప్పుడు కలం కింద పెట్టి అసలు బొమ్మ వైపు చూడండి. ఆయనకూ ఆ కాగితం అంతే ఖాళీగా కనిపించింది, కలంలో సిరా ఉంది, చేయీ ఆడుతోంది. అక్కడ ఆపేశాడు. ఒకవేళ మీరు పక్షిని పెట్టేసినా పరవాలేదు, వేలితో దాన్ని మూసి చూడండి, తీసి చూడండి. చలి ఎప్పుడు ఎక్కువగా ఉంది?

ఇక మ్యూజియం వాళ్ళ వివరం చదవండి. ఏ కలం, ఏ సిరా, ఏ సంవత్సరం అని వాళ్ళు రాసినదాన్ని మీరు కనిపెట్టిన దానితో పోల్చుకోండి. పొరపాటు పడ్డచోట బొమ్మను మళ్ళీ తెరిచి, మిమ్మల్ని తప్పుదారి పట్టించిన గీత ఏదో చూడండి.

అసలు కాగితాన్ని చూడాలనుకుంటే

ఈ స్కెచ్‌లు ఎప్పుడూ గోడ మీద ఉండవు. వెలుతురు తగిలితే సిరా, కాగితం రెండూ దెబ్బతింటాయి కనుక సుమారు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మసక వెలుతురులో కొన్ని నెలలు మాత్రమే ప్రదర్శించి, తిరిగి చీకటి పెట్టెల్లో విశ్రాంతినిస్తారు. మ్యూజియంకి వెళ్ళి వెతికి, కనిపించలేదని తిరిగొచ్చేవాళ్ళు అందుకే అంతమంది. పెద్ద మ్యూజియాల్లో చిత్రాలను దగ్గరగా చూడడానికి వేరే గది ఉంటుంది. హార్వర్డ్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అలాంటి గదులున్నాయి. పండితులకే కాదు, ముందుగా రాసి సమయం తీసుకుంటే మామూలు మనుషులకూ చూపిస్తారు. బోస్టన్‌లోనో లండన్‌లోనో ఉంటున్న మనవాళ్ళకు ఇది ఒక పూట పని. ఏ బొమ్మ చూడాలనుకుంటున్నారో దాని పేరు, మ్యూజియం సైట్‌లో దాని పక్కన ఉండే నంబరు రాసి పంపండి, వీలవుతుందో లేదో చెబుతారు. చేతులు కడుక్కుని వెళ్ళండి. నోట్‌బుక్ తెచ్చుకోవచ్చు, కానీ సిరా కలాలు గదిలోకి రానివ్వరు. పెన్సిలు పట్టుకెళ్ళండి.